ఎడమ గీత వెంట పైలట్

అతను మా క్లబ్బులో చేరేనాటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఫుట్‌బాల్‌లో ఆ వయసుకి సగం మంది మోకాళ్లకి పట్టీలు చుట్టుకుని, ఇంకెన్నాళ్లు ఆడగలమా అని గుబులు పడుతుంటారు. అలాంటిది, జీతం తీసుకుని ఒక్క మ్యాచ్ కూడా ఆడని మనిషిని, అదీ ఆరేళ్లు వైమానిక దళంలో సరుకు విమానాలు నడిపి వచ్చిన మనిషిని, కోచ్ మా డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెంటబెట్టుకొచ్చి, "ఇతను రేపట్నించి మన రైట్ బ్యాక్" అన్నాడు.

నేను గోల్‌కీపర్ని. అప్పటికి పదేళ్లుగా ఆ క్లబ్బులోనే ఉన్నాను. కుర్రాళ్లు నన్ను "గోలీ అన్నా" అని పిలిచేవాళ్లు, నా వెనకాల, రెండు గోల్‌పోస్టులకి తోడన్నట్టు "మూడో కర్ర" అనేవాళ్లు. గోల్‌కీపర్లకి ఒక జబ్బుంటుంది. తన ముందు నిలబడే నలుగురు డిఫెండర్లనీ తనే కని పెంచినట్టు అనుకుంటాడు. కొత్త కోడల్ని అత్తగారు చూసినట్టు చూశాను అతన్ని.

అతను అందరికీ నమస్కారం పెట్టి, ఒక మూల బెంచీ మీద కూర్చుని బట్టలు మార్చుకున్నాడు. విప్పిన చొక్కా నాలుగు మడతలు పెట్టాడు. మేజోళ్లు బూట్లలో దూర్చాడు. బూట్ల ముక్కులు రెండూ గోడవైపు తిప్పి పెట్టాడు. మా గదేమో తడి తువ్వాళ్లూ, నొప్పుల నూనె సీసాలూ, ఎవరిదో తెలియని ఒంటి చెప్పూ అన్నట్టుండేది. మా సెంటర్ బ్యాక్ లంబూ, పేరుకు తగ్గట్టు తాటిచెట్టంత మనిషి, అతని ముందు నిటారుగా నిలబడి, "సెల్యూట్ కొట్టాలా సార్?" అన్నాడు.

"అక్కర్లేదు. కొంచెం పక్కకి జరిగితే చాలు, గాలి రావట్లేదు" అన్నాడతను.

అందరూ నవ్వారు. అప్పట్నించి అతని పేరు పైలట్ అయిపోయింది.

ఆటలో వంక పెట్టడానికి లేదు. సైనిక జట్టులో నాలుగేళ్లు ఆడాడు, కాళ్లలో వేగం ఉంది. అన్నిటికీ మించి కోచ్‌కి నచ్చింది అతని తల. బంతి ఎక్కడో ఉండగానే అటూ ఇటూ, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకునేవాడు. "చూడండ్రా, విమానం నడిపినవాడికి చుట్టుపక్కల ఏముందో తెలుస్తుంది. మీరూ ఉన్నారు, గంతలు కట్టిన గుర్రాల్లాగా!" అని కోచ్ మమ్మల్ని దెప్పేవాడు.

నాకు మాత్రం ఒక్కటి మింగుడు పడలేదు. పిలిస్తే పలకడు. "లోపలికి రా", "వాణ్ణి పట్టుకో", "వదిలెయ్, నాది" అని గోల్‌కీపర్ అరుస్తూనే ఉంటాడు, అది సగం ఆట. పైలట్ ఒక్కోసారి ఠక్కున వినేవాడు, ఒక్కోసారి గోడకి చెప్పినట్టే. పొగరనుకున్నాను. ఒక రోజు ప్రాక్టీసు అయ్యాక అతని ఎదుటికెళ్లి, "ఆఫీసరు గారూ, తమరితో మాట్లాడాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలా?" అని అడిగేశాను కూడా.

అతని మొహం కందిపోయింది. "క్షమించండి, ఇక మీదట జాగ్రత్తగా ఉంటాను" అన్నాడు. ఆ మర్యాద చూసి నాకు ఒళ్లు ఇంకా మండింది.

ఎనిమిదో మ్యాచ్‌లో జరిగింది అసలు సంగతి. మైదానం మధ్యనుంచి దూరానికి కొట్టిన బంతి ఒకటి మా పెనాల్టీ బాక్సులోకి దిగుతోంది. నేను ముందుకి పరుగెత్తాను. గొంతు చించుకుని "నాది! నాది!" అని అరిచాను. పైలట్ నాకు కుడివైపునుంచి, బంతి మీదే చూపు పెట్టి, తలతో కొట్టడానికి గాల్లోకి లేచాడు. అతని భుజం వచ్చి నా మెడ కింద దిగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కిందపడి చూసేసరికి బంతి దొర్లుకుంటూ మా గోల్లోకి పోతోంది.

మెడకీ భుజానికీ మధ్య ఉండే ఎముక విరిగింది. ఆరు వారాలు ఆ చెయ్యి కదపకూడదన్నారు.

మూడో రోజున పైలట్ మా ఇంటికి వచ్చాడు, చేతిలో పళ్ల సంచితో. నా మంచానికి కుడిపక్కన కుర్చీ వేసి ఉంది. దాని మీద కూర్చోబోయి, ఒక్క క్షణం ఆగి, కుర్చీని ఎత్తి మంచం రెండోవైపుకి తిప్పి వేసుకున్నాడు. మా ఆవిడ స్కూల్లో టీచరు. గుమ్మంలో నిలబడి అది చూసింది. అతను వెళ్లాక తలుపు వేసొచ్చి, "మీ పైలట్‌కి ఎడమ చెవి వినపడదు" అంది.

"ఊరుకో, నువ్వేం డాక్టరువా?"

"నాలుగో తరగతిలో అలాంటి పిల్ల ఉంది నాకు. రోజూ బెంచీ మారుతుంటే అల్లరనుకుని రెండు నెలలు తిట్టాను. తర్వాత తెలిసి ఏడుపొచ్చింది. మీరు అరిచింది అతనికి ఏ పక్కనుంచి?"

నేను ఆ బంతిని మళ్లీ తలుచుకున్నాను. ఎడమపక్కనుంచే. కుడి గీత పక్కన కాపలా కాసే రైట్ బ్యాక్‌కి మైదానమంతా ఎడమచేతి వైపే ఉంటుంది. మేమందరం అతని చచ్చిన చెవిలోకే అరుస్తున్నామన్నమాట, ఇన్నాళ్లుగా.

మర్నాడు కబురు పెట్టి పిలిపించి, మొహం మీదే అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను. కాదు. కుర్చీలో కాస్త కిందికి జారి, చేతులు ఒళ్లో పెట్టుకుని మొత్తం చెప్పాడు.

"ఆ ఏడాది వరదలొచ్చాయి. కొండల మధ్య ఊళ్లకి దారులన్నీ తెగిపోయాయి. పైనుంచి తిండి మూటలు, మందుల పెట్టెలు జారవిడిచేవాళ్లం. రోజుకి నాలుగైదు సార్లు. నాకు జలుబు పట్టుకుంది. జలుబుతో ఎగరకూడదు, చేరిన మొదటి రోజే చెప్తారు ఆ మాట. పొద్దున్నే డాక్టరు అడిగేవాడు, ఒంట్లో ఎలా ఉందని. బ్రహ్మాండంగా ఉందని చెప్పేవాణ్ణి. ఎందుకు చెప్పానంటారా? అక్కడ జనం ఇళ్ల కప్పుల మీద కూర్చుని ఉన్నారు. అది సగం. మిగతా సగం, నేను లేకుండా ఇంకొకడు ఎగురుతాడంటే ఒప్పుకోలేకపోయాను. మా విమానం పాతది, లోపల గాలి ఒత్తిడి సరిగా నిలిచేది కాదు. మబ్బు కిందికి ఒక్కసారిగా దిగాల్సి వచ్చింది. చెవిలో సూది దింపినట్టయింది. తర్వాత టప్‌మని శబ్దం. అంతే, ఆ చెవి విన్న ఆఖరి శబ్దం అదే."

"అప్పుడేం చేశావు?"

"మిగిలిన మూటలు వేసి తిరిగొచ్చాను. దిగాక కాళ్లు నిలబడలేదు, నేల తిరుగుతోంది. మూడు నెలలు వైద్యం చేశారు. తల తిరగడం పోయింది, చెవి రాలేదు. ఎగరడానికి పనికిరాడని రాసి, గోదాంలో కుర్చీ ఇస్తామన్నారు. రోజూ కిటికీలోంచి విమానాలు చూస్తూ రబ్బరు స్టాంపు కొట్టడం నా వల్ల కాలేదండీ. చేతనైన రెండో పని ఇదొక్కటే. మీ క్లబ్బు ఫారంలో, వినికిడి లోపం ఉందా అన్నచోట లేదని రాశాను. డాక్టరు గుండె చూశాడు, మోకాళ్లు చూశాడు. చెవులెవరు చూస్తారు?"

జాలి వేయాల్సింది. వేయలేదు. కట్టు కట్టిన భుజం సలుపుతుంటే జాలి ఎక్కడినుంచి వస్తుంది? "ఒకసారి అబద్ధం చెప్పి నీ చెవి పోగొట్టుకున్నావు. రెండోసారి చెప్పి నా ఎముక విరగ్గొట్టావు. మూడోసారి ఎవరి పీక మీదకి తెస్తావు?" అన్నాను. "కోచ్ సార్‌తో నేను చెప్పను. నువ్వే వెళ్లి చెప్పుకో."

అతను లేచి, "రేపు చెప్తాను" అన్నాడు.

అన్నట్టే చెప్పాడు. కోచ్ గదిలో తలుపు వేసుకుని కాదు, పొద్దున ప్రాక్టీసుకి ముందు అందరి మధ్యా నిలబడి చెప్పాడట. లంబూ బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయాడట. కోచ్ మాత్రం, "ఇంటికెళ్లు. పిలిచేదాకా రాకు" అన్నాడట.

మా క్లబ్బు అధ్యక్షుడు సిమెంటు గొట్టాల వ్యాపారి. పైలట్ చేరినప్పుడు మురిసిపోయి, యూనిఫారంలో ఉన్న ఫోటో పెద్దది చేయించి ఆఫీసు గోడకి తగిలించినవాడు. ఇప్పుడు అదే ఫోటో దించి, మొహం గోడకి తిప్పి పెట్టాడు. పంపించేద్దామన్నాడు. కోచ్ ఒకటే మాట అన్నాడట: ఎముక విరిగినవాణ్ణి అడుగుదాం.

అడిగారు. "పంపించెయ్యండి" అన్నాను ఫోన్లో, ఆలోచించకుండానే.

ఫోన్ పెట్టేసరికి మా ఆవిడ పక్కనే ఉంది. "అబద్ధం చెప్పినవాణ్ణి క్లబ్బులో ఉంచకూడదు, అంతేగా?"

"అంతే మరి."

"మీ కాగితాల్లో వయసెంత?"

నేను కిటికీ వైపు చూశాను.

"ముప్పై మూడు. పెళ్లినాడు మీ అమ్మగారు చెప్పిన లెక్కన ముప్పై అయిదు. ఆ రెండేళ్లూ ఎటుపోయాయండీ?"

"అది వేరు."

"ఏం వేరు?"

"దానివల్ల ఎవరి ఎముకా విరగలేదు."

"మీ వల్ల బయట కూర్చున్న కుర్ర గోల్‌కీపర్‌ని అడిగి చూడండి, వాడికేం విరిగిందో" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మా ఇంటి తలుపు ఎవరో విరగ్గొట్టేట్టు బాదారు. తీస్తే ఒక లావుపాటి పెద్దమనిషి, వేళ్ల గీతల్లో ఇనుప రజను నల్లగా పట్టేసి ఉంది. "నేను పైలట్ బావని!" అని అరిచాడు. కోపంతో కాదు, ఆయన మామూలు గొంతే అది. లేత్ మెషీన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి.

"మా బామ్మర్ది తప్పు చేశాడు. తన్నాల్సిందే. కావాలంటే ఒక చెయ్యి నేనూ వేస్తాను. అది సరే గానీ, మీరంతా ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు, ఇంత చిన్న సంగతి తట్టలేదేంటి? మా షెడ్డులో సగం మందికి ఒక చెవి పనిచెయ్యదు. ఆ మోత అలాంటిది. ఎవణ్ణి ఏ మెషీన్ దగ్గర, ఏ పక్కన నిలబెట్టాలో మా మేస్త్రీకి కంఠతా వచ్చు. అమ్మా, మీరు ఇటు రండి."

మా ఆవిణ్ణి తనకి కుడిపక్కన నిలబెట్టుకున్నాడు. "ఇప్పుడు ఈవిడ మైదానం. నాకు కుడి చెవి మంచిది. నేను ఎడమ గీత పక్కన ఆడుతున్నా. మీరందరూ నాకు ఎటున్నారు? కుడిపక్కన. ఎడమపక్కన ఎవరున్నారు? టిక్కెట్టు కొనుక్కుని తిట్టడానికొచ్చిన జనం. వాళ్ల మాట వినపడకపోతే నష్టమా, లాభమా?"

సగం ఆటయ్యాక గోల్‌పోస్టులు మారతాయి కదా అనబోయి ఆగాను. మారినా అంతే. లెఫ్ట్ బ్యాక్‌కి ఎటు తిరిగినా మైదానం కుడివైపే. పదేళ్లు గోల్‌లో నిలబడ్డ నాకు తట్టలేదు, లేత్ షెడ్డులోంచి వచ్చిన మనిషి అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. ఆయన టీ తాగి వెళుతూ మా ఆవిడతో, తన గొంతుకి అది రహస్యమే గానీ వీధి మొదటిదాకా వినపడేట్టు, "ఈ చెవి సంగతి మా అత్తగారికి తెలీదు. నేనే కనిపెట్టి కడుపులో పెట్టుకున్నా. చెప్పకండేం" అన్నాడు.

నేను కోచ్‌కి మళ్లీ ఫోన్ చేశాను. కోచ్ ఆ బావగారి లెక్కంతా విని, "వాడిది కుడి కాలు కదరా" అన్నాడు.

"నేర్చుకుంటాడు సార్."

ఎందుకలా అన్నానో నాకే తెలీదు. అతను మాత్రం నేర్చుకున్నాడు. అధ్యక్షుణ్ణి కోచ్ ఎలాగో ఒప్పించాడు, నేను కట్టు విప్పించుకునేదాకా గడువు పెట్టారు. పైలట్ రోజూ రెండు పూటలా మా మైదానం వెనక గోడకి బంతిని ఎడమ కాలితోనే కొట్టేవాడు. సున్నం వేసిన గోడ మీద మోకాలెత్తున నల్లటి మచ్చ ఒకటి ఏర్పడింది. నేను చెయ్యి మెడకి వేలాడేసుకుని వెళ్లి చూస్తుండేవాణ్ణి. మొదటి వారం బంతి చెప్పిన మాట వినేది కాదు. "కష్టంగా ఉందా?" అన్నాను.

"విమానంలో రెండు కాళ్లకీ సమానంగా పని ఉంటుందన్నా. ఎడమ కాలు ఇంతకన్నా పెద్ద బాధ్యతలు మోసింది, మోయనివ్వండి" అన్నాడు. నన్ను అన్నా అనడం అదే మొదలు.

ఏడో వారంలో ఇద్దరం కలిసి మైదానంలోకి దిగాం, నేను గోల్‌లో, అతను ఎడమ గీత పక్కన. అరిచిన ప్రతి అరుపూ అందింది. లంబూకి, అతనికి మధ్య మాటలు కలవడానికి మరో నెల పట్టింది. ఒక మ్యాచ్‌లో లంబూ తప్పిపోయిన బంతిని పైలట్ గోల్ గీత మీదనుంచి తీసేశాడు. లంబూ దగ్గరికొచ్చి, అతని కుడి చెవిలో గట్టిగా, "బాకీ తీరింది!" అని అరిచాడు. ఆ చెవి కూడా పోయిందేమో అని అందరం హడలిపోయాం.

ఇక వాళ్లమ్మ సంగతి. ఆవిడ బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేసేది. భర్త లేడు, కూతుర్నీ కొడుకునీ ఆ కిటికీ వెనకనుంచే పెంచింది. కొడుకు పైలట్ అయినప్పుడు డిపో అంతా మిఠాయి పంచిందట. ఆ ఉద్యోగం వదిలేసి బంతి తన్నుకుంటానని వచ్చేసరికి, అతను చెప్పిన కారణం ఒకటే: నాకు ఆటంటే ఇష్టం. అప్పట్నించీ ఆవిడ కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు. తిడితే మాత్రం తనివి తీరా తిట్టేది. ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. ఆ చలికాలంలో కూతురు బలవంతం చేసి తీసుకొచ్చింది.

డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద డిపో నీలం కోటు అలాగే ఉంది. ఎడమ గీత పక్కన, కంచెకి ఆనుకుని నిలబడింది. రెండో సగంలో బంతి మా గోల్ దగ్గరే గీత దాటింది. పైలట్ దాన్ని విసరడానికి వెళ్లాడు. గీత మీద నిలబడి, కుడిపక్కన దూరంగా ఉన్న లంబూకి సైగ చేస్తున్నాడు. ఆవిడ అతనికి ఎడమవైపు, నాలుగడుగుల దూరంలో ఉంది.

"చిన్నా!" అంది.

నాకే వినపడింది. అతను తల తిప్పలేదు.

"ఒరేయ్ చిన్నా, నేన్రా!"

అతను బంతి విసిరి పరుగెత్తుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ మొహం చూశాను. ముందు కోపం. కొడుకు పగబట్టి పలకడం లేదనుకుంది కాబోలు. తర్వాత ఆ కోపం అక్కడికక్కడే ఆగిపోయి, ఇంకేదో ఆలోచనలో పడింది. మిగతా ఆటంతా ఆవిడ బంతిని చూడలేదు, కొడుకు తలనే చూసింది, అది తిరిగే తీరునే చూసింది.

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడింది. పైలట్ నాతోపాటే వస్తున్నాడు. ఆవిడ అతని కుడిపక్కకి వచ్చి, మోచెయ్యి పట్టుకుంది.

"ఎన్నాళ్లయిందిరా?"

దేని గురించో అతను అడగలేదు. "ఏడాది దాటిందమ్మా."

"అంటే ఆ ఉద్యోగం నువ్వు వదల్లేదు."

"లేదు. అదే నన్ను వదిలేసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు జాలి పడితే తట్టుకోలేనమ్మా. తిడితే నయం, నువ్వు బాగున్నావని తెలుస్తుంది."

ఆవిడ నీలం కోటు అంచుతో మొహం తుడుచుకుంది. "ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు తిట్టాను కదరా నిన్ను."

"ఏం పర్లేదు. సగమే వినపడ్డాయి."

ఆవిడ అతని వీపు మీద ఒక్కటిచ్చింది, గట్టిగానే. తర్వాత చెయ్యి అక్కడే ఉంచేసింది. నేను ఇంక అక్కడ నిలబడడం బాగోదని బస్సెక్కేశాను.

ఆ మరుసటి ఏడాది మా జట్టు మొదటిసారి విమానంలో వెళ్లింది. మబ్బుల్లో విమానం ఊగిపోతుంటే మేమంతా కుర్చీ చేతులు పట్టుకుని దేవుళ్లని తలుచుకుంటున్నాం. లంబూ, "పైలట్, ఇది మామూలేనా? చెప్పు, మామూలేనా?" అని అతన్ని కుదిపేస్తున్నాడు. అతను మంచి చెవిని దిండుకి ఆనించుకుని గాఢనిద్రలో ఉన్నాడు. దిగాక నాతో అన్నాడు, నిద్రపోలేదని. కళ్లు తెరిస్తే కిటికీలోంచి రెక్క కనిపిస్తుందని, దాన్ని చూడలేక మూసుకున్నానని. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అయిదు సీజన్లు ఆడాడు మాతో. గొప్ప ఆటగాడని నేను చెప్పను. పేపర్లలో పేరు పడేది తక్కువ. కొట్టింది ఒకే ఒక్క గోల్, అదీ ఎవరికో అందిద్దామని ఎత్తిన బంతి గాలికి వంగి లోపలికి పోయింది. కావాలనే కొట్టానని ఇప్పటికీ వాదిస్తాడు. అతను ఎడమపక్క ఉన్నన్నాళ్లూ నేను ఆ వైపు చూసుకోవాల్సిన అవసరం రాలేదు. గోల్‌కీపర్ ఇంతకన్నా పెద్ద మాట ఎవరి గురించీ అనలేడు. చివరికి అతని ఆట ఆపించింది చెవి కాదు, మోకాలు.

నేను అతనికన్నా ముందే ఆట మానేశాను. కాగితాల ప్రకారం ముప్పై ఆరేళ్లకి.

పోయిన నెల అతన్ని చూడ్డానికి వెళ్లాను. ఇప్పుడు నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఒక చిన్న క్లబ్బుకి కోచ్. పెళ్లయింది, ఒక కూతురు. వాళ్లమ్మ రిటైరై అతని దగ్గరే ఉంటోంది. నేను వెళ్లిన రోజు అతని జట్టు చిత్తుగా ఓడిపోతోంది. గీత పక్కన నిలబడి గొంతు పోయేలా అరుస్తున్నాడు. నన్ను చూసి, చెయ్యి పట్టుకుని తన కుడిపక్కకి లాక్కున్నాడు.

"చూడన్నా వాణ్ణి, మా లెఫ్ట్ బ్యాక్‌ని. ఎడమ కాలు వచ్చిన బస్సులోనే మర్చిపోయినట్టున్నాడు!"

"రెండు చెవులూ వినపడతాయా వాడికి?"

"నిక్షేపంగా. అయినా ఒక్క ముక్క వినడు!"

ఇంతలో నాలుగో గోల్ పడింది. ఇద్దరం ఒకేసారి తల పట్టుకున్నాం.